మొదట కొనదగిన కొలత సాధనము

ప్రతి సంవత్సరమును మన పాఠశాలలో విజ్ఞానశాస్త్ర ప్రదర్శనము ముగిసిన పిమ్మట కొందఱు బాలబాలికలు మా యొద్దకు వచ్చి యొకే ప్రశ్న నడుగుచుందురు. "మాస్టరుగారూ, మేమును ఎలక్ట్రానిక్సు పని నేర్చుకొన దలచితిమి. మొట్టమొదట ఏ పరికరము కొనవలయునండి?" ఈ ప్రశ్న వినుటకు చిన్నది. కాని దీనికి మేమిచ్చు ప్రత్యుత్తరము మీద ఒక కుటుంబము యొక్క నెలసరి ఖర్చులో కొంత భాగమును, ఒక బిడ్డ యుత్సాహమును, ఒక్కొక్కప్పుడు ఆ బిడ్డ క్షేమమును ఆధారపడి యుండును. కావున ఈ విషయమై మా యభిప్రాయమును ఈ పత్రిక ద్వారా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను పెద్దలకును విన్నవింప దలచితిమి.

ఈ సంవత్సరము ఒక విద్యార్థి తండ్రిగారు మమ్ము వెదకికొని వచ్చిరి. ఆయన స్వల్పాదాయము గలవారు. "మా వాడు ఆసిలోస్కోపు లేనిదే ఈ విద్య రాదని పట్టుబట్టి రెండు దినములుగా సరిగా అన్నము కూడ తినుట లేదు. అప్పు చేసి యైనను కొనుమందురా మాస్టరుగారూ?" అని అడిగిరి. "వలదండి, అప్పు చేయవలదు. దానిలో నూఱవ వంతుకు దొరకు వస్తువుతో మీ వాడు రెండు సంవత్సరములు నిరాటంకముగా నేర్చుకొనగలడు" అని మేము చెప్పితిమి. ఆయన ముఖమున కనబడిన ఊఱటను మేము మఱవలేదు. అయితే ఆ మాట వినిన పిల్లవాని ముఖమున అనుమానమే కనబడెను. పేదవాడ నగుటచే నన్నిట్లు సమాధానపఱచుచున్నారని యతడు తలచి యుండవచ్చును. ఈ వ్యాసము ముఖ్యముగా నతని కొఱకే వ్రాయుచున్నాము.

విద్యుచ్ఛక్తి కంటికి కనబడదు, చెవికి వినబడదు. చేతికి తెలియునప్పటికి ఆలస్యమై పోవును. బట్టల దుకాణమున గజము బద్దయు, కిరాణా దుకాణమున త్రాసును ఎట్టివో, ఈ విద్యలో కొలత సాధనము అట్టిది. త్రాసు లేని వర్తకుడు ఊహించి అమ్మును. దొంగత్రాసు గల వర్తకుడు మోసగించును. దొంగత్రాసును గూర్చి పరిశుద్ధ గ్రంథమున ఎంతటి హెచ్చరిక కలదో మన పిల్లలెల్లరు ఎఱుగుదురు. అందుచేత కొలత సాధనము నెన్నుకొనుటలో మన మడుగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఎంత గొప్పది?" అని కాదు, "ఇది నిజము చెప్పునా? నా పనికి చాలునా? నాకు హాని చేయకుండునా?" అని. ఈ మూడు ప్రశ్నలకును అవునని బదులు చెప్పగల సాధనములలో మిక్కిలి చవుకయైనది మల్టీమీటరు.

ఈ సాధనము పుట్టుక యొక్క కథ విద్యార్థులు తెలిసికొనదగినది. ఇంగ్లండు దేశమున తపాలా శాఖలో ఇంజనీరుగా నుండిన డోనాల్డ్ మెకేడీ అను నతడు టెలిఫోను తీగెలను బాగుచేయుటకు పోవునపుడెల్ల వోల్టులు కొలుచుట కొకటి, ఆంపియరులు కొలుచుట కొకటి, ఓములు కొలుచుట కొకటి చొప్పున వేర్వేఱు మీటర్లను మోసికొని పోవలసి వచ్చెడిది. ఆ మోతకు విసిగి మూడింటిని ఒకే పెట్టెలో నిమిడ్చెను. 1923వ సంవత్సరమున అది బజారులోనికి వచ్చెను. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడు మాటల మొదటి అక్షరములను కలిపి దానికి ఆవోమీటరు అని పేరిడిరి. కావున మల్టీమీటరు ధనవంతుల విలాసముగా పుట్టినది కాదు. సంచి భుజమున వేసికొని తిరుగు పనివాని యక్కఱ నుండి పుట్టినది. నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్న అంకెల మీటరు దాని సంతతిలోనిదే.

మీటరు కొనునపుడు ముల్లు గలది కొనవలయునా, అంకెలు చూపునది కొనవలయునా యని కొందఱడుగుదురు. పదవ తరగతి విద్యార్థులు ఓము నియమమును నిరూపించునపుడు అమ్మీటరును వరుసలోను, వోల్టుమీటరును సమాంతరముగాను కలుపుదురు. వోల్టుమీటరు నిరోధము మిక్కిలి ఎక్కువగా నుండవలయునని పాఠములో చదివియే యుందురు. ఎందుకనగా వోల్టుమీటరు తన గుండ కొంత ప్రవాహమును పోనిచ్చును. ఆ ప్రవాహమే కొలతను చెఱుపును. దీనిని లెక్కతో చూతము.

తొమ్మిది వోల్టుల బ్యాటరీకి అడ్డముగా రెండు రెసిస్టర్లను వరుసగా కలుపుడు. ఒక్కొక్కటి 10 లక్షల ఓములు. రెండును సమానములు గనుక ఒక్కొక్క దాని మీద సరిగా నాలుగున్నర వోల్టు లుండవలయును. ఇప్పుడు ముల్లు మీటరును 10 వోల్టుల స్థానమున నుంచి ఒక రెసిస్టరుపై పెట్టుడు. చవుక ముల్లు మీటర్లకు వోల్టొకటికి 2,000 ఓముల నిరోధ ముండును. అనగా ఈ స్థానమున మొత్తము 20,000 ఓములు. అది రెసిస్టరుకు సమాంతరముగా చేరి ప్రవాహమును తనవైపు లాగికొనగా, మీటరు చూపునది రమారమి 0.17 వోల్టు మాత్రమే! వోల్టొకటికి 20,000 ఓములు గల మంచి ముల్లు మీటరైనను సుమారు 1.29 వోల్టులే చూపును. సాధారణమైన అంకెల మీటరు నిరోధము 1 కోటి ఓములు; అది 4.29 వోల్టులు చూపును. ఇదియు పూర్తి నిజము కాదు గాని, నిజమునకు సమీపము.

ముల్లు మీటరు అబద్ధ మాడినదని దీనివలన తలపరాదు. అది తాను కలిసిన తరువాత నున్న వోల్టేజిని సరిగానే చెప్పినది. మనము తెలిసికొన గోరినది అది కలియకముందున్న వోల్టేజి. ఈ భేదమును ఒకసారి తన చేతులతో చేసి చూచిన విద్యార్థి, సాధనమును నమ్మవలసినది ఎంతవఱకో జన్మమున మఱవడు. ముల్లు మీటరుకును ఒక గుణము కలదు. మెల్లగా పెరుగుచు తరుగుచు నుండు విలువను ముల్లు కదలిక చూపినంత చక్కగా అంకెలు చూపజాలవు. ఇంటిలో తాతగారి నాటి ముల్లు మీటరున్నచో దానిని పాఱవేయవలదు. కాని క్రొత్తగా కొనునది మాత్రము అంకెల మీటరే కావలయునని మా యభిప్రాయము.

ఆ మీటరులో నుండవలసినవి యేవి? ఏకముఖ వోల్టులు, ఏకాంతర వోల్టులు, ఓములు, మిల్లీ ఆంపియరులు, డయోడు పరీక్ష, తీగె తెగినదో లేదో మ్రోగి చెప్పు బజరు. ఇవి యున్న చాలును. డయోడు పరీక్షలో సిలికాను డయోడు సుమారు 0.6 మొదలు 0.7 వోల్టు వఱకును, ఎఱ్ఱ ఎల్.ఇ.డి. సుమారు 1.8 వోల్టులును చూపును. బజరు మ్రోగినంత మాత్రమున అతుకు బాగుగా నున్నదని సంతసింపరాదు. కొన్ని మీటర్లలో 50 ఓముల నిరోధ మున్నను అది మ్రోగును. మ్రోత వినిన పిదప అంకెను కూడ చూచు నలవాటు చేసికొనవలయును. కెపాసిటరు కొలుచుట, ఉష్ణము కొలుచుట మొదలగునవి యున్న మంచిదే. లేకున్న లోపము లేదు. శ్రేణిని తానే యెన్నుకొను మీటరు సుఖమైనది గాని, పిడికను త్రిప్పి శ్రేణిని మనమే ఎన్నుకొనవలసిన మీటరు నేర్చుకొనువానికి మేలు. ఏలననగా అది కొలుచుటకు ముందు ఊహించుట నేర్పును.

అంకెలు మూడు నాలుగు కనబడుచున్నవి గనుక అవన్నియు నిజమని నమ్ముట మఱియొక పొరపాటు. మీటరుతో వచ్చు చిన్న కాగితమున "నూటికి 0.5 మఱియు 2 అంకెలు" అనునట్టి మాట యుండును. దాని యర్థమును చాలమంది చదువరు. 20 వోల్టుల శ్రేణిలో మీటరు 9.00 చూపినదనుకొనుడు. తొమ్మిదిలో నూటికి అర వంతు 0.045. చివరి స్థానమున రెండంకెలు 0.02. రెండును కలిపి 0.065. కావున నిజమైన విలువ 8.935కును 9.065కును నడుమ నెచ్చటనైనను ఉండవచ్చును. ఇట్లు వ్రాయుట నేర్చిన విద్యార్థి పరీక్షలో మాత్రమే కాక, లోకమున ఎవరైనను నిశ్చయముగా చెప్పు మాటను విన్నప్పుడు కూడ "ఎంతవఱకు?" అని అడుగుట నేర్చును. మీటరు లోపలి బ్యాటరీ క్షీణించినప్పుడు అంకెలు ఉన్నదానికంటె ఎక్కువ చూపును. ఆ గుర్తు తెర మీద కనబడిన వెంటనే బ్యాటరీ మార్చవలయును. పూర్వము నమ్మిన మిత్రుడే అబద్ధము లాడ నారంభించుట వంటి దది.

ఇక క్షేమము సంగతి. దీనిని తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింప ప్రార్థించుచున్నాము.

మీటరు ముఖమున సామాన్యముగా మూడు రంధ్రము లుండును. నల్ల తీగె ఎల్లప్పుడును ఒకే రంధ్రమున నుండును. ఎఱ్ఱ తీగె వోల్టులకు ఒక రంధ్రమునను, 10 ఆంపియరుల ప్రవాహమునకు వేఱొక రంధ్రమునను ఉంచవలయును. ఆంపియరుల రంధ్రమున నుంచినప్పుడు మీటరు ఇంచుమించుగా ఒక రాగి తీగెతో సమానము. ఆ స్థితిలో దానిని బ్యాటరీ రెండు కొనల మీద పెట్టుట యనగా ఆ కొనలను తీగెతో కలుపుటయే.

ఈ పొరపాటు మేమే చేసితిమి. ఒకనాటి సాయంకాలము ఒక చిన్న మోటారు పుచ్చుకొను ప్రవాహమును కొలిచి, ఎఱ్ఱ తీగెను ఆ రంధ్రముననే విడిచి యింటికి పోతిమి. మఱునాడు తొందరలో అదే మీటరును 12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీ మీద పెట్టితిమి. పిడుగు వలె నొక చప్పుడు, ఒక నీలి మెఱుపు. తీగె కొన కరగిపోయెను. బల్ల మీద నల్లని మచ్చ పడెను. దైవకృపచే చేతికి చిన్న బొబ్బతోనే పోయినది. ఆ మీటరు 10 ఆంపియరుల రంధ్రమునకు ఫ్యూజు లేదు. ఆ సంగతి మీటరు ముఖముననే చిన్న అక్షరములతో అచ్చు వేయబడి యున్నది. అమ్మినవాడు మోసగింపలేదు, చదువనిది మేమే. అది 12 వోల్టుల బ్యాటరీ గాక, మన గోడలలోని 230 వోల్టుల విద్యుత్తు అయి యుండిన ఏమగునో తలచుకొనుటకే భయము. గోడలోని విద్యుత్తు 230 వోల్టులని పేరే గాని, దాని అల శిఖరము 325 వోల్టుల వఱకు లేచును.

కావున మీటరు కొనునపుడు మొదట అడుగవలసినది ఫ్యూజును గూర్చి. రెండు ప్రవాహ రంధ్రములకును ఫ్యూజు లున్న మీటరు, లేనిదానికంటె కొంచెము ప్రియమైనను అదియే కొనుడు. ఫ్యూజు కాలినప్పుడు అదే విలువ, అదే రకము గల ఫ్యూజునే వేయవలయును. రాగి పోగు చుట్టి పని గడుపుకొనుట కావలివానిని నిద్రపుచ్చి తలుపు తెఱచి యుంచుట వంటిది. రెండవది, మీటరు మీద "క్యాట్" అను అక్షరములును, వాని ప్రక్క ఒక రోమను సంఖ్యయు, ఒక వోల్టుల సంఖ్యయు నుండును. రెండవ తరగతి ప్లగ్గులో పెట్టి వాడు వస్తువులకును, మూడవది గోడ లోపలి తీగెలకును ఫ్యూజు బోర్డులకును, నాలుగవది ఇంటికి వీధి నుండి వచ్చు తీగెలకును సంబంధించినవి. ఇసుక నింపిన పింగాణి ఫ్యూజునకు బదులు చిన్న గాజు ఫ్యూజు మాత్రమే గల చవుక మీటరు మీద మూడవ తరగతి, 1000 వోల్టులు అని వ్రాసి యున్నచో, ఆ వ్రాతను మేము నమ్మము. మీరును నమ్మకుడు. మూడవది తీగెలు. పగిలిన తొడుగు గల తీగెలతో వేయి రూపాయల మీటరు కంటె, మంచి తీగెలతో ఐదు వందల రూపాయల మీటరు మేలు.

ఐనను, మన విద్యార్థులకు మేము పెట్టు నియమ మింకను కఠినమైనది. పాఠశాల చదువు ముగియు వఱకు పెద్దల సమక్షమున తప్ప గోడ విద్యుత్తు జోలికి పోరాదు. మొబైలు చార్జరును విప్పి చూడరాదు. ప్లగ్గు ఊడదీసిన పిమ్మట కూడ దాని లోపలి కెపాసిటరు కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజిని నిలుపుకొని యుండవచ్చును. పన్నెండు వోల్టులకు లోబడిన లోకమే చాల విశాలమైనది. ట్రాన్సిస్టర్లు, చిన్న మోటారులు, రేడియోలు, ఆర్డ్యునో వంటి పలకలు అన్నియు ఆ లోకములోనివే.

దీనినుండి రెండవ సాధనము ప్రస్తావనకు వచ్చుచున్నది. పనికి విద్యుత్తు నిచ్చున దేది? ప్రారంభమున తొమ్మిది వోల్టుల బ్యాటరీయో, ఒకటిన్నర వోల్టు సెల్లులు నాలుగు పట్టు పెట్టెయో చాలును. చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎక్కువ ప్రవాహము నీయజాలదు గనుక పొరపాటు చేసినను నష్టము స్వల్పము. ఇది లోపము కాదు, సుగుణము. కొంత కాలమునకు చేతిలో డబ్బు కూడినచో, వోల్టేజితోపాటు ప్రవాహమునకు కూడ హద్దు నిర్ణయింపగల పవర్ సప్లయి కొనుట మంచిది. హద్దును 50 మిల్లీ ఆంపియరుల యొద్ద నుంచి పని మొదలు పెట్టినవాడు తప్పుగా కలిపినను భాగములు కాలుట అరుదు. ఆసిలోస్కోపు కంటె ముందు కొనవలసినది ఇదియే యని మేము దృఢముగా చెప్పుదుము. పొరపాటును చూపు సాధనము కంటె పొరపాటును క్షమించు సాధనము నేర్చుకొనువానికి ఎక్కువ యుపకారి.

ఇక అందఱు మనసుపడు ఆసిలోస్కోపు మాట. దాని మహిమను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. 1897వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కేథోడు కిరణములతో విద్యుత్తు కదలికను తెర మీద గీసి చూపు గొట్టమును నిర్మించెను. ఆయనయే 1909లో వైర్‌లెస్సు పరిశోధనలకై మార్కోనీతో కలిసి నోబెల్ బహుమానము నొందిన మహనీయుడు. మల్టీమీటరు విద్యుత్తు ఎంత యని చెప్పును. ఆసిలోస్కోపు అది ఎట్లు నడచుచున్నదో చూపును. పాటలోని అలను, చతురస్రపు అలను, మధ్య మధ్య వచ్చు చిన్న చిన్న ముల్లులను అది కంటికి కట్టించును. దానికి సాటి వేఱొకటి లేదు.

కాని దానిని కొనుటకు ముందు తెలిసికొనవలసిన దొకటి కలదు. ప్రతి స్కోపునకు ఒక వేగపు హద్దు ఉండును. ఆ హద్దు యొద్ద అది అల యెత్తును ఉన్నదానిలో నూటికి సుమారు 70 వంతులుగా మాత్రమే చూపును. చతురస్రపు అల సరిగా కనబడవలెనన్న దాని వేగమునకు ఐదు రెట్లయినను హద్దు ఉండవలయునని అనుభవజ్ఞులు చెప్పుదురు. బజారులో చవుకగా దొరకు కొన్ని చిన్న స్కోపుల హద్దు 200 కిలోహెర్ట్జులు మాత్రమే. మనుష్యుని చెవికి వినబడు ధ్వనులు 20 కిలోహెర్ట్జులకు లోబడినవి గనుక పాటల పనికి అవి చాలును. ఆర్డ్యునో యూనో పలక మీది గడియారము సెకనుకు 1 కోటి 60 లక్షల మారులు కొట్టుకొనును. దానిని ఆ చిన్న స్కోపుతో చూడబూనుట జల్లెడతో నీళ్లు తెచ్చుట వంటిది. దానికి 80 మెగాహెర్ట్జుల పైబడిన స్కోపు కావలయును. అది వేల రూపాయల మాట. ఏ పనికో నిర్ణయింపకుండ స్కోపు కొన్నవాడు డబ్బును పోగొట్టుకొనును, ఉత్సాహమును కూడ పోగొట్టుకొనును. మఱియు, గోడ విద్యుత్తుతో నడచు స్కోపు నల్ల క్లిప్పు భూమి తీగెతో కలిసి యుండును. ఎఱుక లేక దానిని ప్రాణమున్న తీగెకు తగిలించుట ప్రమాదకరము. ఇది గురువు ప్రక్కన నిలిచి నేర్పవలసిన సాధనము, ఒంటరిగా గదిలో కూర్చుండి నేర్చుకొనదగినది కాదు.

"మంచి పనివానికి మొదటి నుండియు మంచి సాధనములే కావలయును గదా? చవుకది కొని మఱల ప్రియమైనది కొనుట రెట్టింపు ఖర్చు కాదా?" అని కొందఱు ప్రాజ్ఞులు మాతో వాదించిరి. ఈ వాదము కొంతవఱకు సత్యమే. ఫ్యూజు లేని మీటరు విషయమున మేమును అదియే చెప్పితిమి. కాని మంచి సాధన మనగా ఎక్కువ పనులు చేయునది యని అర్థము కాదు; చేయు పనిని నమ్మకముగా చేయునది యని యర్థము. రెండవ మీటరు కొన్నప్పుడు మొదటిది వ్యర్థము కాదు. ఒకటి వోల్టులను, వేఱొకటి ఆంపియరులను ఒకేసారి కొలుచుటకు రెండును కావలయును. రెండు మీటర్లు ఒకే సెల్లును వేర్వేఱుగా చూపినపుడు ఏది నిజమని విచారించుట యందే గొప్ప విద్య యున్నది.

ఎక్కడ కొనవలయునని యడుగువారికి ఒక మాట. హైదరాబాదున కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నపట్టణమున రిచ్చీ వీధి ఇట్టి వస్తువులకు ప్రసిద్ధములు. ఇంటికే తెప్పించుకొను సదుపాయమును నేడు కలదు. ఐనను, పిడికను చేతితో త్రిప్పి, వెనుక మూత విప్పి, ఫ్యూజును కంటితో చూచి కొనుటయే ఉత్తమము. దుకాణమునకు పోవునపుడు క్రొత్త సెల్లు నొకదానిని జేబులో వేసికొని పొండు. ఒకటిన్నర వోల్టుకు కొంచెము పైగా చూపవలయును. తీగె కొనలు రెండింటిని తాకించి ఓముల స్థానమున చూచినచో అరఓము ప్రాంతమున నిలుకడగా నుండవలయును. అంకెలు నిలువక ఎగిరిపడుచున్నచో ఆ తీగెలు పనికిరావు.

ఇప్పుడు మిషను పెద్దలకును, ఉపాధ్యాయ సోదర సోదరీమణులకును మా ముఖ్యమైన విన్నపము. స్కోపు వంటి ప్రియమైన పరికరము కొన్ని పాఠశాలలలో నున్నను, పాడగునను భయముతో దానిని బీరువాలో పెట్టి తాళము వేయుదురు. తనిఖీ దినమున మాత్రము బయటికి తీసి తుడిచి మఱల లోపల పెట్టుదురు. వాడక పాడగుట కంటె వాడి పాడగుట గౌరవము. ఇంటింట నొక స్కోపు కొనుట అసాధ్యము, అనవసరము. పాఠశాల కొకటి యుండి, శనివారము మధ్యాహ్నమున రెండు గంటలు ఉపాధ్యాయుని సమక్షమున ఎనిమిదవ తరగతి మొదలు విద్యార్థుల కెల్ల తెఱచి యుంచినచో, ధనవంతుని కుమారునికిని కూలివాని కుమార్తెకును ఒకే కిటికీ లభించును.

రెండవది, మన గ్రంథాలయమున పుస్తకముల వలెనే పది మల్టీమీటర్ల నుంచి, పుస్తకములో వ్రాసికొని వారము దినములకు విద్యార్థుల కెరవిచ్చుట. పది మీటర్ల ఖరీదు ఒక స్కోపు ఖరీదు కంటె చాల తక్కువ. ఫ్యూజులు కాలును. తీగెలు తెగును. ఒకటి రెండు పోవచ్చును కూడ. పుస్తకముల పుటలును చిరుగుచునే యున్నవి గదా! అందుచేత గ్రంథాలయమును మూసివేయుచున్నామా? మీటరును ఎరవిచ్చుటకు ముందు ప్రతి విద్యార్థియు ఎఱ్ఱ తీగె నే రంధ్రమున నెప్పు డుంచవలయునో మా యెదుట చేసి చూపవలయునని నియమము పెట్టిన చాలును.

తలిదండ్రులకు మఱియొక మాట. ఇంటిలో మీటరు కొన్నచో అది కుమారుని వస్తువని కుమార్తెకు తాకనీయకుండు నాచారము కొన్ని యిండ్లలో చూచితిమి. ఈ సంవత్సరము ప్రదర్శనమున నీటి తొట్టి నిండగనే మ్రోగు గంటను తయారు చేసినది ఒక బాలిక. మ్రోగకపోయినపుడు లోపమెక్కడనో మీటరుతో ఒక్కొక్క అతుకును పరీక్షించి ఐదు నిమిషములలో పట్టుకొన్నదియు ఆ బాలికయే. ఆమె వాడినది ప్రక్కింటి వారి నుండి ఎరవు తెచ్చుకొన్న మీటరు. ఇంతకంటె వ్రాయ నక్కఱలేదు.

మన తెలుగు నేలకు ఈ విద్య క్రొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపనకు మూలపురుషులై, దేశమునకు కావలసిన ఎలక్ట్రానిక్ సాధనములను దేశముననే నిర్మించుట సాధ్యమని చూపిరి. పల్లెలో పుట్టుట ఈ విద్యకు అడ్డము కాదని చెప్పుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును.

ప్రియ విద్యార్థులారా, మీటరు చేతికి వచ్చిన మొదటి దినమున ఈ నాలుగు పనులు చేయుడు. క్రొత్త సెల్లును, పాత సెల్లును కొలిచి భేదము వ్రాసికొనుడు. పది రెసిస్టర్లను కొలిచి వాని రంగుల చారలు చెప్పు విలువతో సరిపోల్చుడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి 470 ఓముల రెసిస్టరుతో ఎఱ్ఱ ఎల్.ఇ.డి.ని కలిపి, ఎంత ప్రవాహ ముండునో ముందు లెక్క వేసి, పిమ్మట కొలువుడు. 15 మిల్లీ ఆంపియరుల ప్రాంతమున రావలయును. చివర, ఎఱ్ఱ తీగెను మఱల వోల్టుల రంధ్రమున నుంచి, పిడికను ఆపు స్థానమునకు త్రిప్పి పెట్టుడు. ఈ నాలుగవదియే అన్నిటికంటె ముఖ్యమైనది. మేము దానిని మఱచియే బల్ల మీద మచ్చ తెచ్చుకొంటిమి.

ఆసిలోస్కోపు కొఱకు అలిగిన ఆ బాలునికి కడపటి మాట. నాయనా, నిన్ను పేదవాడవని సమాధానపఱచుట లేదు. స్కోపు గల నీ మిత్రుడును వోల్టు ఎంతయో తెలిసికొనుటకు మొదట చేతికి తీసికొనునది మల్టీమీటరునే. నీవు ముందు దానితో నిజము చెప్పుట నేర్చుకొనుము. శనివారపు తలుపు తెఱచు నట్లు చేయు భారము మాది. ఆ దినము నీవే ముందు వరుసలో నిలుతువని మా యాశ.